రిపోర్టులో లేని చలి

“సానాలో కూర్చుని కూడా చలేస్తోందన్న మనిషిని నా జన్మలో నిన్నొక్కదాన్నే చూశాను,” అంది మా అత్తగారు హెల్వి, కాలుతున్న రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోస్తూ. ఆవిరి బుస్సుమని లేచింది. ఎనభైకి దగ్గరపడుతున్న ఆవిడ పై బల్ల మీద ఎర్రగా నిగనిగలాడుతూ చెమటలు కక్కుతోంది. నేను కింది బల్ల మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాను. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. చర్మం కాలుతోంది, లోపల మాత్రం ఎవరో మంచుగడ్డ పెట్టి మరిచిపోయినట్టుంది.

నేను నవ్వాను. నవ్వడం కూడా ఆ ఇంట్లో నా పనుల్లో ఒకటి.

ఆ పొయ్యిని మధ్యాహ్నం నుంచి రాజేసింది నేనే. కట్టెలు మోసుకొచ్చింది నేను, తొట్టి నింపింది నేను, తువ్వాళ్ళు ఉతికి మడతపెట్టింది నేను. మా ఫిన్నిష్ కుటుంబాల్లో శనివారం సానాలో ఆవిరిస్నానం అంటే వారమంతా పట్టిన అలసట వదిలించుకునే రోజు. మిగతావాళ్ళకి. నాకు వారంలోకెల్లా పని ఎక్కువున్న రోజు. సానాలోంచి బయటపడగానే అందరికీ ఆకలి. అప్పటికి బల్ల మీద ఉప్పుచేప, ఉడికిన బంగాళాదుంపలు, యాలకుల రొట్టె, కాఫీ ఉండాలి. ఉంటాయి. అవి ఎలా వచ్చాయని ఎవరూ అడగరు, మా ఊరి ఒడ్డునున్న సుపీరియర్ సరస్సులోకి నీళ్ళెలా వచ్చాయని ఎవరూ అడగనట్టే.

బల్ల మీంచి లేచేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను. “చూసుకో, పొయ్యి అటే ఉంది,” అంది హెల్వి. మా అమ్మాయి సాన్నికి ఆవిడ నాయనమ్మ, మా భాషలో మమ్ము. సాన్ని పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ ఆవిడ మమ్మే.

కాఫీ తాగుతూ మమ్ము ఆ చలి సంగతి అందరికీ చెప్పింది. మా ఆయన రౌనో రొట్టె ముక్క నోట్లో ఉండగానే నవ్వాడు. “పెళ్ళికి ముందే చూసుకోవలసింది. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకి కన్నం పెట్టి, గాలమేసి దీన్ని పట్టుకొచ్చినట్టున్నాను!” మనిషి చెడ్డవాడు కాదు. కరెంటు పనిలో పగలంతా నిచ్చెనలెక్కి దిగి వస్తాడు, కూతురంటే ప్రాణం, నా మీద చెయ్యెత్తి ఎరగడు. అలాంటి మంచివాళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి మనకి ఎప్పుడూ సరిపడా కారణం ఉన్నట్టనిపించదు.

నాకప్పుడు నలభై మూడు. నా ఒంట్లో ఏదో జరుగుతోందని నాకు తెలుసు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఏళ్ళ తరబడి మెల్లగా, దీపంలో వత్తి తగ్గించినట్టు, ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. పొద్దున్నే నిద్ర లేస్తే, అసలు పడుకోనట్టు ఉండేది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది, కనుబొమల చివర్లు పోయాయి, చంకల్లో వెంట్రుకలు ఎప్పుడు పోయాయో కూడా గుర్తు లేదు. గొంతు బొంగురుపోయింది. మాట నాలుక మీదికి రావడానికి ఒక క్షణం ఆలస్యమయ్యేది. మెట్లెక్కితే మధ్యలో ఆగి, గోడ మీద ఫోటో చూస్తున్నట్టు నటించేదాన్ని. అన్నిటికంటే చలి. జూలైలో కూడా మేజోళ్ళేసుకుని పడుకునేదాన్ని. ఇన్ని చేస్తూనే ఉద్యోగానికి వెళ్ళాను, వంట చేశాను, సాన్నిని హాకీకి తీసుకెళ్ళాను, మమ్ము మందులు తెచ్చాను. ఒంట్లో ఓపిక లేనివాళ్ళు పనులు మానేస్తారని అందరూ అనుకుంటారు. పొరపాటు. మనం మానేస్తే ఆ పని ఇంకెవరి మీదా పడదు, అక్కడే మన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకని చేసేస్తాం. చేసేస్తాం కాబట్టి బాగానే ఉన్నామంటారు.

మా ఫ్యామిలీ డాక్టర్ హోల్డెన్ మర్యాదస్తుడు. థైరాయిడ్ అనుమానం ఆయనకీ వచ్చింది. టీఎస్‌హెచ్ అనే పరీక్ష రాశాడు, నార్మల్ అని వచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ అడిగితే మళ్ళీ రాశాడు, మళ్ళీ నార్మల్. మూడోసారి రిపోర్టు స్క్రీన్ మీద చూపిస్తూ, “మీ థైరాయిడ్ బ్రహ్మాండంగా ఉంది ఐలా, నాకంటే బాగుంది,” అని జోక్ చేశాడు. తర్వాత గొంతు తగ్గించి, “మనసు దిగులుగా ఉంటోందా? దానికి మంచి మందులున్నాయి,” అన్నాడు.

“దిగులుగా లేదు డాక్టర్. చలిగా ఉంది,” అన్నాను.

ఇంటికొచ్చి రిపోర్టు సంగతి చెప్పగానే రౌనో ముఖం విప్పారింది. “చూశావా, నేను చెప్పలా! ఏమీ లేదు. నువ్వే ఊరికే బుర్ర పాడుచేసుకున్నావు.” మమ్ము ఫోన్లో, “దేవుడి దయ. మరి ఆదివారం చర్చిలో రొట్టెలు నీ వంతేనని చెప్పెయ్యనా?” అంది. వాళ్ళ సంతోషం అబద్ధం కాదు. నాకు జబ్బు లేదన్నందుకు వాళ్ళు నిజంగానే సంతోషించారు. అయితే ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే నాకొకటి తోచింది. ఆ నార్మల్ అన్న మాట నా ఒంటి గురించి వచ్చిన రిపోర్టు కాదు, మా ఇంటి గురించి వచ్చిన రిపోర్టు. ఇల్లు నార్మల్‌గా నడుస్తుంది, కాఫీ వేళకి కాఫీ ఉంటుంది, ఎవరూ ఏదీ మార్చుకోనక్కర్లేదు. ఆ కాగితం చేతికందగానే అందరూ హాయిగా చేతులు దులుపుకున్నారు, నా చేతులు మాత్రం సబ్బు నీళ్ళల్లోనే ఉన్నాయి.

ఆఫీసులో జరిగినదే నన్ను కదిలించింది. నాది అంబులెన్స్ కాల్ సెంటర్‌లో ఉద్యోగం. ఎవరో ఎక్కడో ప్రాణం మీదికి వచ్చి ఫోన్ చేస్తారు, వాళ్ళ ఏడుపులోంచి ఊరూ వీధీ ఏరుకుని బండి పంపాలి, బండి వచ్చేదాకా ఏం చెయ్యాలో చెబుతూ ఉండాలి. ఆ పనిలో నేను గట్టిదాన్ని. నేనే చెప్పుకుంటున్నాను, అయినా నిజం. కొత్తగా చేరినవాళ్ళకి వినిపించడానికి ఒకప్పుడు నా కాల్సే వాడేవాళ్ళు.

ఆ రోజు మా సూపర్‌వైజర్ బ్రెంట్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. “ఒకటి వినిపిస్తాను, ఏమనుకోవద్దు,” అని రికార్డు పెట్టాడు. భర్త కుప్పకూలిపోయాడని ఒకావిడ అరుస్తోంది. ఇవతల మా వైపు నుంచి ఒక గొంతు. మందంగా, నిద్రమత్తులో ఉన్నట్టు, అడిగిన వీధి పేరే మళ్ళీ అడుగుతోంది. ఎవరో కొత్తవాళ్ళ కాల్ కాబోలు, తప్పెక్కడుందో నన్ను చెప్పమంటున్నాడు కాబోలు అనుకున్నాను. తర్వాత ఆ గొంతు, “నా పేరు ఐలా, నేను లైన్లోనే ఉంటాను,” అంది.

అది నా గొంతని నాకే తెలియలేదు.

“బండి టైముకే వెళ్ళిందిలే, ఆయన బతికాడు,” అన్నాడు బ్రెంట్. “కానీ ఐలా, ఇది జనం ప్రాణాలతో పని. ఇంటి గొడవలు ఇంట్లోనే వదిలేసి రావాలి. కొన్నాళ్ళు ఫోన్లు పక్కనపెట్టి ఆ ఫైళ్ళు చూడు. యోగా లాంటిదేమైనా... మా ఆవిడ చేస్తుంది.”

ఇంటి గొడవలు! ఒళ్ళు మండింది. అయితే చాలాకాలం తర్వాత నాలో వేడి పుట్టడం అదే, కాబట్టి దాన్ని ఆర్పుకోలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాతో పనిచేసే డెనీస్ పక్కకి పిలిచి, పర్సులోంచి తన థైరాయిడ్ మాత్రల సీసా తీసింది. “నాకున్న లక్షణాలే నీకున్నాయి. వీటిలో సగం తీసుకో, వారం తిరిగేసరికి మనిషివవుతావు. డాక్టర్లని నమ్ముకుంటే అయినట్టే.”

“వద్దు డెనీస్. మాత్ర కాదు, నాకు జవాబు కావాలి,” అన్నాను. ఆ మాట ఎంత మంచిదైందో అప్పుడు తెలియదు.

హోల్డెన్ దగ్గర మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈసారి లిప్‌స్టిక్ వేసుకోలేదు, బుగ్గలకి రంగు పూసుకోలేదు. మనం ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడానికి వెళ్తూ కూడా బాగున్నట్టు తయారై వెళ్తామని ఆ రోజే గమనించాను.

“ఆ నంబరు చెడిపోయి ఉంటే నేనెలా ఉండేదాన్ని డాక్టర్?” అని అడిగాను.

ఆయన స్క్రీన్ వైపు చూస్తూనే చెప్పాడు. “అలసట, చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం, గొంతు మారడం, మాట నెమ్మదించడం, మలబద్ధకం...” చెబుతూ చెబుతూ ఆగాడు.

“ఇప్పుడు అటు కాకుండా నా వైపు చూడండి,” అన్నాను.

చూశాడు. కనుబొమలు చూశాడు, చేతులు పట్టుకుని చూశాడు. ఆ చల్లదనానికి ఆయన వేళ్ళు ఒక్క క్షణం వెనక్కి తగ్గాయి.

“అసలు ఈ టీఎస్‌హెచ్ అంటే ఏమిటి? నా థైరాయిడ్‌లోంచి వచ్చేదేనా?”

“కాదు. మెదడు కింద పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది. అది థైరాయిడ్‌కి పంపే ఆజ్ఞ.”

“అంటే ఇన్నేళ్ళూ ఆజ్ఞనే చూశారు. పని జరిగిందో లేదో చూడలేదు.”

“మామూలుగా ఆజ్ఞని బట్టి పని తెలిసిపోతుంది ఐలా. థైరాయిడ్ తగ్గితే ఆజ్ఞ పెరుగుతుంది.”

“ఆ ఆజ్ఞ ఇచ్చేదే దెబ్బతింటే?”

“అది చాలా అరుదు,” అన్నాడు.

“అరుదైనవి కూడా ఎవరికో ఒకరికి వస్తాయి కదా. మా ఆఫీసుకి రోజూ ఫోన్ చేసేది వాళ్ళే.”

“టీఎస్‌హెచ్ బాగుంటే మిగతా పరీక్షలు లాబ్ వాళ్ళు చెయ్యరు. కారణం రాయాలి.”

“రాయండి.”

“ఏమని?”

“మనిషికి బాగాలేదని. ఆ మాట రాయడానికి భయమైతే, ఎందుకు రాయలేకపోయారో నాకు చెప్పండి. నేను వింటాను. వినడం నా ఉద్యోగం.”

నా గొంతు బొంగురుగానే ఉంది, మాట నెమ్మదిగానే వచ్చింది, అయినా ఒక్క మాట కూడా తడబడలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. థైరాయిడ్ స్వయంగా తయారుచేసే హార్మోన్ టీ ఫోర్‌ని కొలవమని, పిట్యూటరీ మీద అనుమానముందని రాశాడు. రక్తం ఇచ్చి ఇంటికొచ్చాను.

ఆ వారాంతంలోనే మమ్ము ఎనభయ్యో పుట్టినరోజు. శనివారం చర్చి హాల్లో ఊళ్ళో ఫిన్నిష్ వాళ్ళందరికీ కాఫీ విందు. రొట్టెలు, కేకులు, పెద్ద కాఫీ డ్రమ్ము, బల్లల మీద గుడ్డలు, అన్నీ నేనే చూసుకోవాలని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం పిండి పిసుకుతుంటే ఫోన్ మోగింది. హోల్డెన్ స్వయంగా చేశాడు. ఎప్పుడూ నర్సు చేస్తుంది.

“ఐలా, కూర్చుని మాట్లాడండి. మీ టీ ఫోర్ చాలా తక్కువగా ఉంది. ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. టీఎస్‌హెచ్ మాత్రం మళ్ళీ నార్మలే. మీరన్నట్టు లోపం పైన, పిట్యూటరీలో ఉంది. ఒక సంగతి అడగాలి. మీ కాన్పు ఎలా జరిగింది?”

పిండి చేతులతో కుర్చీలో కూర్చున్నాను. ఆ ప్రశ్న పదకొండేళ్ళుగా నన్నెవరూ అడగలేదు. బిడ్డ ఎంత బరువు పుట్టిందని అడిగారు, ఎవరి పోలికని అడిగారు.

చెప్పాను. సాన్ని పుట్టాక నెత్తురు ఆగలేదు. పక్క తడిసి, కిందికి కారడం చూశాను. నర్సులు పరిగెత్తారు. పైకప్పులో దీపాలు దూరంగా జరిగిపోయాయి. తెలివి వచ్చేసరికి రెండు చేతులకీ గొట్టాలు, ఎవరెవరి రక్తమో నాలోకి ఎక్కుతోంది. తల్లీ బిడ్డా క్షేమం అని రౌనో అందరికీ ఫోన్లు చేశాడు. ఆ తర్వాత నాకు పాలు పడలేదు. ఒక్క చుక్క కూడా. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మమ్ము గుమ్మంలో నిలబడి, “మా అమ్మ అడవిలో కట్టెలు కొట్టుకుంటూ ఆరుగురికి పాలిచ్చింది. నువ్వు పడుకుని ఒక్కదానికి ఇవ్వలేకపోతున్నావు. పాలు రావాలంటే ముందు మనసు ఉండాలి,” అంది. ఆ తర్వాత నెలసరి రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. అప్పటి డాక్టర్‌కి చెబితే, “ఈ అదృష్టం కోసం ఎంతమంది ఆడవాళ్ళు ఏడుస్తారో తెలుసా?” అని నవ్వాడు.

“ఇవన్నీ ఎవరూ అడగలేదా?” అన్నాడు హోల్డెన్.

“మీరూ అడగలేదు.”

“అవును. నేనూ అడగలేదు,” అన్నాడు. ఆ మాటకి నేనాయన్ని గౌరవించాను. “కార్టిసాల్ అని ఇంకో పరీక్ష చెయ్యాలి. ప్రాణం నిలబెట్టే హార్మోన్ అది. పొద్దున్నే ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. ఆసుపత్రి లాబ్‌కి చెప్పి ఉంచుతాను, రేపే వెళ్ళండి.”

“రేపు మా అత్తగారి...” అని నోరు దానంతటదే మొదలుపెట్టింది. ఆపేశాను. “వెళ్తాను,” అన్నాను.

సాయంత్రం రౌనోకి చెప్పాను. ముందు కంగారుపడ్డాడు, తర్వాత క్యాలెండర్ వైపు చూశాడు. “సోమవారం ఇవ్వకూడదా? ఇన్నేళ్ళు ఆగింది, రెండ్రోజులాగదా? మా అమ్మకి ఎనభై ఏళ్ళు ఒక్కసారే వస్తాయి ఐలా.”

“నాకు నలభై మూడు కూడా ఒక్కసారే వస్తాయి.”

“అది కాదు... మరి రొట్టెలు? అంతమంది వస్తుంటే?”

“పిండి కలిపి పెట్టాను. ఓవెన్ మన వంటింట్లోనే ఉంది.”

“కాఫీ డ్రమ్ము ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదే!”

“నాకూ పుట్టుకతో తెలియదు రౌనో. వెతుక్కున్నాను.”

గొడవ పడలేదు. తలుపులు విసురుగా వెయ్యలేదు. నేను వెళ్ళి పడుకున్నాను, అతను వంటింట్లో అలమరాలు తెరిచి మూస్తున్న చప్పుడు వింటూ నిద్రపోయాను.

పొద్దున్న రక్తం తీశారు. కుర్చీలోంచి లేచాను. నేల వాలిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఎమర్జెన్సీలో ఉన్నాను. రక్తపోటు ఎంతకీ పైకి రావడం లేదని ఎవరో అంటున్నారు. అక్కడున్న డాక్టర్ కుర్రది, హోల్డెన్‌తో ఫోన్లో మాట్లాడి, రిపోర్టు కోసం ఎదురుచూడకుండానే నా నరంలోకి ఆ హార్మోన్ ఇంజెక్షన్ ఎక్కించింది. రిపోర్టు వచ్చాక నా పక్కన నిలబడి దాన్ని రెండుసార్లు చదువుకుంది.

“కార్టిసాల్ దాదాపు లేనట్టే. చిన్న జ్వరమొచ్చినా ప్రాణం పోయి ఉండేది. ఇన్నేళ్ళు ఎలా లాక్కొచ్చారు మీరు?”

“పనులుండేవి,” అన్నాను.

తను నవ్వలేదు. దుప్పటి సర్ది వెళ్ళింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక వింత జరిగింది. ముందు వేళ్ళ చివర్లు, తర్వాత అరికాళ్ళు, తర్వాత వెన్ను. ఏదో మెల్లగా నాలోకి తిరిగొస్తోంది. చాలా రోజులు తాళం వేసిన ఇంట్లో ఒక్కో గదిలో దీపం పెడుతున్నట్టు. కిటికీలోంచి కనిపించే బర్చి చెట్ల బెరడు ఎంత తెల్లగా ఉందో అప్పుడు చూశాను. ఆకలేసింది. ఆ కుర్ర డాక్టర్ తెచ్చిన సూప్ గిన్నె ఖాళీ చేసి, ఇంకోటి అడిగాను. ఏడుపొచ్చింది, అయితే దుఃఖం కాదు. నేను సోమరిని కాను, బలహీనురాలిని కాను, నా మనసుకేమీ కాలేదు. నా ఒళ్ళు ఇన్నేళ్ళుగా చెబుతున్నదంతా నిజం. నేను విన్నదంతా నిజం.

తల స్కాన్ తీశారు. కొన్నాళ్ళకి టొరంటో నుంచి హార్మోన్ల స్పెషలిస్టు, డాక్టర్ ఒకాఫోర్ అనే పెద్దావిడ, ఆసుపత్రి గదిలో తెర మీద నాతో మాట్లాడింది. రౌనో నా పక్కన కూర్చున్నాడు. మమ్ము తానూ వస్తానని వచ్చి, కోటు విప్పకుండా గోడవారగా కూర్చుంది.

“కాన్పు తర్వాత పాలు పడ్డాయా?” అని అడిగింది డాక్టర్, మొట్టమొదటగా.

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి మమ్ము గొంతు వినిపించింది. “పడలేదు.”

“పడవు. ఎలా పడతాయి?” అంది డాక్టర్. “కాన్పులో అంత రక్తం పోయేసరికి పిట్యూటరీ గ్రంథికి నెత్తురందక చాలావరకు చచ్చిపోయింది. పాలు రమ్మని చెప్పేది అదే, థైరాయిడ్‌కి చెప్పేది అదే, కార్టిసాల్‌కి చెప్పేదీ అదే. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. పాలు పడకపోవడం దాని మొదటి లక్షణం. ఆ రోజే ఎవరైనా దాన్ని లక్షణంగా చూసి ఉంటే బాగుండేది.” తర్వాత మందుల గురించి చెప్పింది. ముందు కార్టిసాల్ మాత్ర, అది ఒంటికి పట్టాకే థైరాయిడ్ మాత్ర. “తిరగేసి ఇస్తే ప్రాణానికే ముప్పు. ఎవరి మాటా విని ముందే థైరాయిడ్ మాత్రలు మింగనందుకు మీరు అదృష్టవంతులు.”

“అదృష్టం కాదు డాక్టర్. ఒకరు ఇవ్వబోతే వద్దన్నాను,” అన్నాను. డెనీస్ సీసా కళ్ళ ముందు మెదిలింది. డాక్టర్ ఒకాఫోర్ కళ్ళజోడు మీదనుంచి నన్ను చూసి, “అయితే తెలివి,” అంది.

రౌనో కారు తేవడానికి వెళ్ళాడు. మమ్ము, నేను ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడ చేతిసంచి రెండు చేతుల్తో పట్టుకుంది.

“అప్పుడు... పాల గురించి నేనన్నది నీకు గుర్తుందా?”

“గుర్తుంది మమ్ము.”

ఆవిడ ఎదురుచూసింది. పోనిద్దురూ, ఎప్పటి మాటో, మీకేం తెలుసు అని నేనంటానని. నాకు ఆ మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఇతరుల ఇబ్బందిని తుడిచిపెట్టడం నాకు అంత అలవాటు. అయినా అనలేదు. కోపంతో కాదు. ఆ బరువు ఆవిడది, కాసేపు ఆవిడే మొయ్యాలనిపించింది. గాలికి మంచుపొడి మా కాళ్ళ చుట్టూ తిరిగింది.

“అనకూడని మాట అన్నాను,” అంది చివరికి, రోడ్డు వైపు చూస్తూ. “తప్పు నాది.”

“అవును,” అన్నాను. కారు ఎక్కేటప్పుడు మంచు మీద జారకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అదీ ఇదీ రెండూ నిజమే.

తర్వాత నా గొంతు తిరిగొచ్చింది. ఒక్కరోజులో కాదు. కొన్ని వారాలు ముందుకీ వెనక్కీ ఊగిసలాడాక, ఒకరోజు సాన్నిని మేడ మీదనుంచి కేకేస్తే, ఆ కేక వీధి చివర వినిపించి పక్కింటి కుక్క మొరిగింది. బ్రెంట్ గదిలోకి నేనే వెళ్ళి తలుపు వేశాను. ఏమైందో చెప్పాను. “ఇంటి గొడవలు కాదు, మెదడులో ఒక గ్రంథి. నన్ను మళ్ళీ ఫోన్ల మీద వెయ్యి. ఇంకో సంగతి, ఎప్పుడైనా ఎవరి మాటైనా ఇలా మారితే, ముందు డాక్టర్‌కి చూపించుకోమను, యోగా తర్వాత.” ఎర్రబడ్డాడు. మరుసటి సోమవారం నా హెడ్‌సెట్ నా బల్ల మీద ఉంది.

ఇంట్లో కొన్ని మారాయి. కాఫీ డ్రమ్ము ఎక్కడుంటుందో రౌనోకి తెలుసు. ఆ పుట్టినరోజున రొట్టెలు ఒక వైపు మాడిపోయాయట, ఎవరూ చావలేదు. నేను లేవలేని రోజుల్లో వంట చేశాడు, బట్టలుతికాడు, సాన్నికి జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ప్రేమగానే చేశాడు. అయితే నేను లేచి తిరగడం మొదలుపెట్టిన కొద్దీ అవన్నీ ఒక్కొక్కటే, ఎవరూ ఇమ్మనకుండానే, నా చేతుల్లోకి తిరిగి రావడం మొదలుపెట్టాయి. అప్పు తెచ్చిన సామాన్లు ఇచ్చేస్తున్నట్టు. నాలోకి తిరిగొస్తున్న బలానికి మా ఇల్లు నాకంటే ముందే పనులు కేటాయించేసుకుందని అర్థమైంది.

మే నెలాఖరున డాక్టర్ ఒకాఫోర్ రిపోర్టులు చూసి, అంతా కుదురుకుంది, మందులు మానొద్దు, జ్వరమొస్తే మోతాదు పెంచాలి అని చెప్పింది. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్నాం. చాలా ఏళ్ళ తర్వాత చేతుల్లేని చొక్కా వేసుకున్నాను. చేతుల మీద ఎండ పడుతుంటే, చర్మం దాన్ని తాగుతున్నట్టు హాయిగా ఉంది.

రౌనో సంబరంగా ఉన్నాడు. “ఇంకేం, మన ఐలా మనకి దక్కింది! ఈ జూన్‌లో నడివేసవి పండగ మన క్యాంప్ ఇంటి దగ్గరే పెట్టేద్దాం. మా తమ్ముళ్ళు, పిల్లలు, మమ్ము స్నేహితులు... సరస్సు ఒడ్డున పెద్ద మంట వేద్దాం. పాతికమందికి మించరు. నువ్వు ఆ పొగబెట్టిన చేప చేస్తావే, అదీ, నీ యాలకుల రొట్టే ఉంటే చాలు. రెండ్రోజులు ముందు వెళ్ళి ఇల్లు దులుపుకుంటే సరిపోతుంది.”

దులుపుకుంటే అన్నాడు. ఎవరు దులుపుతారో ఆ మాటలో లేదు. మా భాషలో, ఏ భాషలోనైనా, అలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి.

“మీరు పెట్టుకోండి. బాగుంటుంది,” అన్నాను. “ఆ రెండ్రోజులూ నేనూ సాన్నీ దోనె వేసుకుని సరస్సు మీదికి వెళ్తున్నాం. దీవిలో గుడారం వేసుకుంటాం. నేను వండను రౌనో, ఇల్లు దులపను.”

అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది. కోపం కాదు. నిజంగా భయం. కుర్చీ ముందుకు జరుపుకుని నా చెయ్యి పట్టుకుని, వేడిగా ఉందో చల్లగా ఉందో చూసుకున్నాడు.

“ఏమైంది ఐలా? మళ్ళీ ఒంట్లో బాగాలేదా?”

“బాగుంది,” అన్నాను. “అందుకే కాదంటున్నాను.”